పదిహేడో స్తంభం రీడింగు

అక్కా,

నేను కులాసా. గురువారం బస్సుకు వస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకోలేకపోతున్నాను, కోప్పడకు.

పోయిన నెల దారి వరదలో మునిగి, మా పెట్రోలు పైపులైను వెంట కొలతల కోసం పాతిన పదిహేడో స్తంభం దగ్గర, భూమిలో పైపుకు తుప్పు పడుతోందో లేదో చెప్పే రీడింగు తీయలేకపోయాను. ఈ వారం తనిఖీవాళ్లు వస్తున్నారని మా సూపర్‌వైజరు, "పక్కదాని అంకె ఇక్కడా వేసెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు? నీ సెలవు కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తా" అన్నాడు. పెన్ను కాగితం మీద ఆనించాను కూడా అక్కా, చెయ్యి రాలేదు. "వరద వల్ల కొలవలేదు" అని రాసి, మర్నాడు వెళ్లి కొలిచాను. అంకె బాగా లేదు. తవ్వించి చూస్తే అరచేయంత మేర పైపును తుప్పు పొరలు పొరలుగా తినేసింది. అదృష్టం, ఇంకా కారడం లేదు. పది అడుగుల్లో కాపురాలున్నాయి. బాగుచేయడానికి మూడు వారాలు పడుతుంది, అందాకా సెలవు లేదు. రెండు రోజులు మొహం తిప్పుకున్న సూపర్‌వైజరు నిన్న, "మంచి పని చేశావమ్మా" అన్నాడు. ఆ మాట చెప్పుకోవడానికి గదిలో ఎవరూ లేక నీకు రాస్తున్నాను.

పాపకు దగ్గు తగ్గిందా? అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోందా, మానేసిందా? ఉన్నదున్నట్టు రాయి. మొన్న గౌను కొందామని వెళితే కొట్టతను, "పాప ఎంత ఉంటుందమ్మా?" అన్నాడు. చేత్తో చూపించబోయి, ఎంత ఎత్తులో ఆపాలో తెలియక తిరిగొచ్చేశాను. భుజం నుంచి మోకాలి దాకా దారంతో కొలిచి కవరులో పంపు.

బావగారికి నమస్కారాలు. పాపను నా బదులు ఒకసారి ఎత్తుకో.

నీ చెల్లెలు