ముందు నిలబడే మనిషి

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పాపకు పదిహేను నెలలొచ్చినా అడుగు వెయ్యలేదు. కడుపుతో ఉన్నప్పుడే నువ్వు, "బిడ్డకి సెక్క బండే కొనాల" అన్నావు. నేను గుండ్రటి ప్లాస్టిక్ వాకర్ కొన్నాను. అందులో కూర్చోబెడితే నాకు వంటవుతుంది కదా అనుకున్నాను. పొద్దంతా అందులోనే ఉంచేసరికి మునివేళ్ళతో తన్నుకుంటూ పోవడమే నేర్చుకుంది.

భయమేసి పుత్తూరులో ఎముకలు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కాళ్ళు తడిమి, "ఎముక బాగుండాదప్పా. ఆ కూర్చోబెట్టేది పారేసి, పట్టుకోని నిలబడే సెక్క బండి కొనియ్యి" అన్నాడు.

ఇవాళ అలిపిరి దగ్గర కొన్నాను. "ఎనకాల ఒకరు పట్టుకోవాల, ముందర ఒకరు నిలబడి పిలవాల. అప్పుడే అడుగేస్తాది" అంది అమ్మినామె. తలూపి వచ్చేశాను.

పాప బండి పట్టుకొని నిలబడింది, సుజాతా. మడమలు నేలకానాయి. వెనక నుంచి పిలిస్తే నావైపే తిరుగుతోంది. ముందుకెళ్ళి పిలుద్దామని చెయ్యి వదిలితే పడిపోతోంది. సాయంత్రం నుంచీ ఇదే. ఎన్నిసార్లని లేపను? ఒక్కసారి వచ్చి ముందు నిలబడు. పిలిచి, వెళ్ళిపోదువుగాని.