ఊచల మంచం ఇంకా నా దగ్గరే ఉంది

ఓడెన్స్,
ఆదివారం, జూన్ 16.

ప్రియమైన మెరెతెకు,

పై అంతస్తు నుంచి సిగ్నె అభివాదాలతో రాస్తున్నది. నువ్వు, హెన్నింగ్, ఇంకా పేరు పెట్టని మీ ఇంటి మూడో మనిషి క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఎల్నా, నేను క్షేమం. పద్దెనిమిది మెట్లు దిగి తలుపు తడితే సరిపోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నిన్న రెండుసార్లు దిగాను. రెండుసార్లూ నీ గుమ్మం ముందు బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, మళ్లీ పైకి వచ్చేశాను. తలుపు తీయగానే నువ్వు నవ్వుతావు. ఆ నవ్వు ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు.

ముందుగా కబురు. ఎల్నా పడుకునే పిల్లల ఊచల మంచం విప్పేశాను. పక్కలు గోడకు ఆనించి ఉన్నాయి, స్క్రూలు గుడ్డసంచిలో వేశాను. హెన్నింగ్‌ను ఎప్పుడైనా పంపు.

మన మెట్ల వరసలోని ఎనిమిది ఇళ్లకూ అది ఒక్కటే మంచమని నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ కొత్తది కొనరు. ఒక పిల్ల పెద్ద మంచానికి మారగానే, కడుపుతో ఉన్న వాళ్లింటికి అది ఎక్కుతుంది, లేదా దిగుతుంది. నాకు ఏడో నెల రాగానే, నేను అడగకముందే రిగ్మోర్ తన మనవడి దగ్గర నుంచి మోయించుకొచ్చి నా గదిలో పెట్టించింది. మే నెలాఖరుకల్లా నీకు ఇచ్చేస్తానని మార్చిలో మాట ఇచ్చాను. ఇప్పుడు నీ కాన్పుకు రెండు వారాలే ఉంది.

ఈ మధ్యలో నేను నీకు చెప్పినవి గుర్తు చేసుకుంటే చెవులు కాలిపోతున్నాయి. పెద్ద మంచం చూస్తే ఎల్నా గుక్కపెట్టి ఏడుస్తోందని చెప్పాను. తరవాత కింద పడి మోచెయ్యి కొట్టుకుందన్నాను. ఆ తరవాత చెవినొప్పి, ఇప్పుడు మార్చకూడదు అన్నాను. నువ్వు ప్రతిదానికీ ఒక ఉపాయం చెప్పావు. మా పిల్లల బడిలో ఇలాంటి పిరికి పిల్లల్ని ఎంతమందిని చూశానో అంటూ, ముందు పరుపు నేల మీద వెయ్యమన్నావు. దుప్పటి దాన్నే ఎంచుకోనిమ్మన్నావు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రోజుకో జానెడు చొప్పున తలుపు వైపు జరగమన్నావు. హెన్నింగ్ పిల్ల పడిపోకుండా చెక్కపట్టీ చేసిచ్చాడు, దాని అంచులు నున్నగా రుద్ది మరీ. నేను థాంక్స్ చెప్పి తీసుకున్నాను.

ఎల్నా ఏడవలేదు, మెరెతె. పడలేదు, చెవీ నొప్పి పెట్టలేదు. ఏప్రిల్ రెండున పెద్ద మంచం వేశాను. దుప్పటి మీద నక్కలు చూసి నవ్వి, మూడు నిమిషాల్లో నిద్రపోయింది. తెల్లారి తనంతట తానే దిగి, నా దిండు దగ్గర నిలబడి, వచ్చేశా అంది. ఎవరి సాయమూ లేకుండా ఒక గది నుంచి ఇంకో గదికి వచ్చిన మొదటి రోజు అది. ఆ సంతోషం మొదట నీకే చెప్పాల్సింది. దానికి బదులు నా కూతుర్ని పిరికిదాన్ని చేసి నీ ముందు నిలబెట్టాను.

గురువారం పెరట్లో బట్టలారేస్తుంటే రిగ్మోర్ పట్టుకుంది. మెరెతె వాళ్లు పాత సామాన్ల అంగడిలో మంచం వెతుక్కుంటున్నారట కదా, ఏమ్మా, ఆ ఊచల్లో నువ్వుగానీ ముడుచుకుని పడుకుంటున్నావా, అంది. నోట్లో పాలపీక ఒక్కటే తక్కువ అని కూడా అంది. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. నిండు కడుపుతో బల్ల మీద నుంచి లేచి, ఒక్కతే పిల్లనీ చదువునీ మోస్తోంది, దాన్నేమీ అనకు రిగ్మోర్, మంచం లేకపోతే నా బిడ్డ బట్టల బుట్టలో పడుకుంటుంది, రాజ్యమేమీ మునిగిపోదు, అన్నావు. రిగ్మోర్ మాట నన్ను తాకలేదు. నీ మాటకే నేను తడి దుప్పటి వెనక్కి పోయి నిలబడ్డాను.

ఎందుకు ఇవ్వలేదంటే, ఆ మంచం పోతే ఎల్నా పసితనం కూడా దానితో పాటే మెట్లు దిగిపోతుందనిపించింది. తల్లులకు అలాంటి బెంగలుంటాయి కదా. నీకూ కొన్నాళ్లకు తెలుస్తుంది. క్షమించగలిగితే క్షమించు.

నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. కాళ్ల వాపు తగ్గిందా? మెట్లెక్కకు, నేనే దిగుతాను.

నీ పై అంతస్తు,
సిగ్నె

తా.క. ఉత్తరం కవరులో పెట్టి మళ్లీ తీశాను. ఆ పసితనం బెంగ సంగతి అబద్ధం. చదవడానికి బాగుంటుందని రాశాను.

ఎల్నా నెలల పిల్లగా ఉన్నప్పుడు అందరిలాగే నేనూ దాన్ని బండిలో పడుకోబెట్టి పెరట్లో ఉంచి, ఏడుపు వినిపించే జంట యంత్రాల్లో ఒకటి దాని పక్కన పెట్టి, రెండోది నాతో తీసుకుని పైకొచ్చి చదువుకునేదాన్ని. అందులో తప్పేమీ లేదు. తరవాత ఒకరోజు నా యంత్రం చేతిలో పట్టుకుని మూల మీది రొట్టెల దుకాణం దాకా నడిచాను. శబ్దం అందుతోందని చెప్పే పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఆ తరవాత గ్రంథాలయం దాకా వెళ్లాను. రెండు వందల నలభై అడుగులు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే పచ్చ దీపం పోదు. అక్కడ బుధవారాలు సాయంత్రం ఏడున్నరకు కొందరం చేరి పాత పద్యాలు చదువుతాం. పరీక్షకు కాదు. ఒక్కో మాటను నోట్లో వేసుకుని చూడ్డానికి. నిన్ను అడిగితే వచ్చి ఎల్నా దగ్గర కూర్చునేదానివి. దేనికని నువ్వు అడిగితే, పద్యాలకని చెప్పడానికి సిగ్గేసింది. ఊచల్లో ఉన్న పిల్ల ఎక్కడికీ పోలేదు కదా అనుకున్నాను. పెద్ద మంచంలోంచి అయితే దిగుతుంది, నన్ను వెతుకుతుంది, వీధి తలుపు దాకా వస్తుంది. అందుకే ఆరు రోజులు పెద్ద మంచం, బుధవారం ఊచల మంచం.

మేలో ఒక బుధవారం నువ్వు మా తలుపు కొట్టావు. పిల్ల ఇరవై నిమిషాలుగా ఏడుస్తోంది, బాగానే ఉన్నారా అని అడిగావు. స్నానం చేస్తున్నానని చెప్పాను. నిజానికి ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఉండగానే దీపం ఎర్రగా మారింది. బ్యాటరీ అయిపోయిందిలే అనుకుని, పద్యం పూర్తయ్యేదాకా కూర్చున్నాను. తిరిగొస్తే మెట్ల మీద నీ గొంతు వినిపించింది. నేను వెనక వంటింటి మెట్లెక్కి లోపలికొచ్చి, కుళాయి కింద తల తడిపి, తలుపు తీశాను. స్నానం మధ్యలో పిలిచానని నువ్వే నాకు సారీ చెప్పావు.

పిల్లలతో పనిచేసేదానివి. ఇలాంటిది తెలిస్తే పిల్లల బాగోగులు చూసే మునిసిపాలిటీ వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత నీకుంది. అది తెలిసే రాస్తున్నాను. చెప్పు. నన్ను ముందుగా అడగనక్కర్లేదు.

మంచం విప్పింది నీకోసం కూడా కాదు. మొన్న బుధవారం ఏడు గంటలకు నేను పుస్తకం సంచిలో పెట్టుకుంటున్నాను. ఇంకా పిల్లను పిలవలేదు. ఎల్నా తనే వెళ్లి ఊచల మంచం పక్కన నిలబడి, ఎత్తి లోపల వెయ్యమని రెండు చేతులూ చాచింది. అమ్మా, వెళ్లు, నేను ఏడవను, అంది.