పన్నెండు పాయింట్ ఆరు

జనవరి 6, సోమవారం

కారు స్టార్ట్ కాలేదు. నెల రోజుల్లో ఇది రెండోసారి. కీ తిప్పితే టిక్కుమని ఊరుకుంది. మా వాడు ఆఫీసులో పర్మిషన్ పెట్టి, జంపర్ కేబుల్ పట్టుకుని వచ్చాడు. తన కారు బ్యాటరీ నుంచి నా కారుకు తగిలించి స్టార్ట్ చేశాడు. చేతులు దులుపుకుంటూ, నెలకు రెండుసార్లు నడిపేదానికి నీకు కారెందుకమ్మా అన్నాడు. వాళ్ల ఆఫీసులో ఒకతను కొనడానికి రెడీగా ఉన్నాడట. ఇంకొక్కసారి నాకు ఫోన్ చేయాల్సి వస్తే అమ్మేద్దాం, సరేనా అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. సరే, అమ్మేద్దాం అనేశాను.

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఈ మోకాళ్లతో బస్సెక్కి దిగడం నా వల్ల కాదు. కారు పోతే, ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరినో ఒకరిని అడగాలి. అడగడం నాకు చేతకాని పని.

అదే రోజు, సాయంత్రం 6

ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేశాను. బీరువా నిండా బ్యాటరీలు ఉండేవి. నా చేతిలో ఒక్కటి కూడా చావలేదు. ఇప్పుడు నా సొంత కారు బ్యాటరీ చచ్చిందంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

జనవరి 7, మంగళవారం

కింది ఫ్లోర్ ఆయన సలహా ఇచ్చాడు. ఆయన ఏనాడూ సైన్యంలో పనిచేయలేదు, మీసం చూసి అందరూ కర్నల్ అంటారు. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యండి మేడమ్, బ్యాటరీ గుర్రంలా ఉంటుంది అన్నాడు. మా బిల్డింగులో కారున్న ప్రతివాళ్లూ చేసేది ఇదే. ఆరున్నరయ్యేసరికి పార్కింగ్‌లో ఐదు ఇంజన్లు ఒకేసారి గుర్రుమంటాయి. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. రేపటి నుంచి ఆరోది నాది.

జనవరి 13, సోమవారం

మల్టీమీటర్ బయటికి తీశాను. రిటైరైన రోజు నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు అది. బ్యాటరీకి పెట్టి చూస్తే 12.2 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. ఆరు రోజులు వరసగా స్టార్ట్ చేసినా నిండలేదు.

ఒళ్లంతా సిగ్గు. ఇంజన్ లేపడానికి బ్యాటరీ ఒక్క ఊపులో బోలెడంత ఇచ్చేస్తుంది. నిలబెట్టిన కారులో ఐదు నిమిషాల్లో అదంతా తిరిగి రాదు. పైగా నేను ఏసీ వేసుకుని, రేడియో పెట్టుకుని మహారాణిలా కూర్చున్నాను. కనీసం అరగంట రోడ్డు మీద తిరిగితే తప్ప లాభం లేదు. ఏటా స్టూడెంట్లకు నేను చెప్పిన సంగతే ఇది. మీసం చూసి మోసపోయాను.

జనవరి 14, మంగళవారం

పాత చార్జర్ రోజంతా పెట్టాను. బ్యాటరీ నిండింది. కర్నల్‌కి ఐదు నిమిషాల సంగతి చెప్పాను. ఒప్పుకోలేదు.

జనవరి 15, బుధవారం

ఊరి బయట రోడ్డు మీద నలభై నిమిషాలు నడిపాను. ఇంటికొచ్చి, కారు చల్లబడ్డాక చూస్తే 12.6. క్యాలెండర్‌లో పెద్ద అక్షరాలతో రాశాను.

పోయిన అక్టోబర్‌లో గొడవ జరిగింది కూడా ఈ రోడ్డు గురించే. ఖాళీగా కనిపిస్తే అలా పోతూనే ఉన్నాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. మూడు గంటలు ఆలస్యంగా వచ్చేసరికి మా వాడు, కోడలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. దారి తప్పావా అమ్మా అని వాడు పదిసార్లు అడిగాడు. తప్పలేదురా, నడపాలనిపించింది, నడిపాను అన్నాను. నమ్మలేదు.

జనవరి 18, శనివారం

12.4. మూడు రోజులుగా కారు తలుపు కూడా ఎవరూ తీయలేదు. మరి ఎవరు తాగుతున్నారు?

జనవరి 20, సోమవారం

రెండు రోజులు మైనస్ వైరు విప్పి ఉంచాను, 12.4 అక్కడే ఉంది, తప్పు బ్యాటరీది కాదు.

జనవరి 21, మంగళవారం, ఉదయం 11

కారు నిద్రపోతున్నప్పుడు కూడా అలారం, గడియారం కొంచెం కరెంటు లాగుతాయి. ముప్పై మిల్లీ ఆంప్‌లకు మించకూడదు. మీటరు పెట్టి చూస్తే నూట ఇరవై! కర్నల్ టార్చ్ పట్టుకున్నాడు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోయాను. ఆరోది పీకగానే మీటరు ఇరవై ఎనిమిదికి పడిపోయింది. అది కారు లోపలి లైటు ఫ్యూజు. లైటేమో వెలగడం లేదు.

వైరు పట్టుకుని పోతే స్టీరింగ్ కింద, లోపలికి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. కారు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ట్రాకర్ అన్నాడు కర్నల్. ఎవడో దొంగ పెట్టి ఉంటాడు, పోలీసులకు చెబుదాం అని మీసం మెలేశాడు.

నేను టేపు చూస్తున్నాను. బిగువుగా మూడు చుట్లు, చివర చిన్న మడత. మళ్లీ విప్పాల్సి వస్తే గోటికి దొరకాలని పెట్టే మడత. అది నా పద్ధతి. ల్యాబ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కడికే నేర్పాను.

నవంబర్‌లో మా వాడు కారు కడిగించుకొస్తానని తీసుకెళ్లి సాయంత్రం దాకా తేలేదు. స్టార్ట్ కాకపోవడం ఆ తర్వాతే మొదలైంది.

అదే రోజు, సాయంత్రం 5

కోడలికి ఫోన్ చేశాను. నాకేం తెలీదత్తయ్యా అంది. మళ్లీ తనే గొంతు తగ్గించి, తెలుసత్తయ్యా అంది. అక్టోబర్‌లో ఆ రోజు వాడు నాకోసం రెండు ఆసుపత్రులు తిరిగి వచ్చాడట. నాతో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రోజూ ఫోన్‌లో చుక్క మా ఇంటి దగ్గర కనిపించాకే పడుకుంటాడట. మొన్న నేను మైనస్ వైరు విప్పిన రెండు రాత్రులూ నిద్రే పోలేదట.

సగం కోపం దిగింది. మిగతా సగం దిగదు. వాడి డబ్బా నా బ్యాటరీని తాగుతుంటే, నాకు కారు చూసుకోవడం రాదని అమ్మెయ్యమన్నది వాడే. డబ్బా ఒకటి పెడుతున్నానమ్మా అని ఒక్క మాట అంటే నేను కాదంటానా? బహుశా అనేదాన్నే. అయినా అడగాలి.

ఎవరికీ చెప్పొద్దని కోడలి చేత ఒట్టు వేయించుకున్నాను. ఇంకో సంగతి కూడా నిజాయితీగా రాయాలి. వైరింగ్ మాత్రం ముచ్చటగా చేశాడు.

జనవరి 22, బుధవారం

డబ్బా తీసి పారేయలేదు. దానికి వెళ్లే వైరు మధ్యలో చిన్న స్విచ్ పెట్టాను. ఆ డబ్బా చవక రకం, దానికి సొంత బ్యాటరీ లేదు. స్విచ్ ఆపేశాను, చుక్క మాయం. నేను ఎప్పుడు కనపడాలో ఇక నేనే చూసుకుంటాను. చార్జర్ పెట్టాను.

జనవరి 28, మంగళవారం

మా వాడు ఆరు రోజుల నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాడు. కారెలా ఉందమ్మా అంటాడు. లక్షణంగా ఉందిరా అంటాను. ఒకసారి సర్వీసింగ్‌కి తీసుకెళ్లనా అంటాడు. ఎందుకురా, 12.6 ఉంది అంటాను. చుక్క ఏమైందని అడగలేడు, అడిగితే దొరికిపోతాడు. ఆ నసుగుడు వింటుంటే నవ్వు ఆపుకోలేక చస్తున్నాను. చుక్క మళ్లీ కనిపిస్తే ఫోన్ మోగేలా పెట్టుకున్నాడని కోడలు చెప్పింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ పొద్దున ఆరున్నరకి పార్కింగ్‌లో పక్షుల చప్పుడు వినిపించింది. ఐదుగురూ మానేశారు. కర్నల్ నిన్న తన కారు స్టార్ట్ కాక, చేతులు వెనక్కి కట్టుకుని మా తలుపు దగ్గరికి వచ్చాడు. మీరు చెప్పిందే కరెక్టు మేడమ్ అన్నాడు. ఆ మాట నలుగురి ముందు కూడా అనిపించాను. తర్వాత అందరి బ్యాటరీలూ మీటరు పెట్టి చూశాను. వారానికి ఒకసారన్నా అరగంట నడపండి, కుదరకపోతే చార్జర్ పెట్టండి, నెలరోజులు ఊరెళితే మైనస్ వైరు విప్పండి అని కాగితం రాసి లిఫ్ట్ దగ్గర అంటించాను. కింద నా సంతకం పెట్టాను. పెట్టనా మరి? చాలా గర్వంగా ఉంది.

నా కారు: 12.6.

ఫిబ్రవరి 5, బుధవారం

వాడి ఆఫీసు ముందు కారు ఆపి స్విచ్ వేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. మెడలో ఐడీ కార్డు ఊగుతూ, చేతిలో పెన్ను అలాగే ఉంచుకుని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. అమ్మా అన్నాడు. స్విచ్ చూపించాను. కారు కొంటానన్న ఆయనకి లేదని చెప్పేస్తానన్నాడు. పక్క తలుపు తెరిచాను. కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఎక్కడికని అడగలేదు.