గోడ అవతలి హారన్

ఇబ్రహీంపట్నం హాస్టల్ నుంచి,
ఆదివారం

ప్రియమైన బాపూ,

నమస్తే. ఫోన్ దగ్గర వెనక నిలబడ్డ అమ్మాయిలు తొందరపెడుతుంటే మధ్యలోనే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మా మైదానంలోనే జరిగిన మండల పోటీల్లో నేను ఓడిపోలేదు బాపూ, అసలు పరుగెత్తనే లేదు. గీత మీద వంగి గన్ చప్పుడు కోసం ఆగాల్సినదాన్ని ముందే లేచి ఉరికాను. ఒక్కసారి అట్లా లేస్తే చాలు, పక్కకు పొమ్మంటారు. అందరూ పరుగెత్తుతుంటే నేను తల దించుకుని బూట్ల లేసులు విప్పుతూ కూర్చున్నాను. ఎందుకు లేచావని మా ఆటల టీచర్ మనోజ మేడమ్ అడిగితే "తెల్వది మేడం" అన్నాను.

వచ్చే నెల ఇక్కడే జిల్లా జట్టుకు ఎంపిక ఉంది. ఇంకో అవకాశం ఇస్తానంటోంది మేడమ్. నాకైతే ఇంటికి వచ్చేయాలని ఉంది. ఇక్కడ రోజు మొత్తంలో నాకు నచ్చేది ఒక్కటే. పొద్దున నువ్వు నడిపే బస్సు మా గోడ పక్క నుంచి పోతూ రెండు పొట్టి, ఒక పొడుగు హారన్ కొట్టడం. వినగానే ఉరికి గోడెక్కుతాను. కిటికీలోంచి నీ చెయ్యి కనిపిస్తే ఆ పూట అన్నం సయిస్తుంది.

వచ్చి తీసుకుపోతావా?

నీ బిడ్డ,
నర్మద

*

హయత్‌నగర్

నా బంగారు బిడ్డ నర్మదకు,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ ఏడ్చింది. నా కంట్లో దుమ్ము పడిందని చెప్పి నేను బయటికి పోయాను.

తీసుకుపోను బిడ్డా. కోపం తెచ్చుకోకు. లైసెన్సు పరీక్షలో నేను బండిని రివర్సులో స్తంభానికి గుద్దితే, "నీకు ఎన్కకు పోవుడే ఇష్టమా?" అని అక్కడి సారు నవ్వాడు. మళ్లీ పోయాను కాబట్టే ఇంతమందిని ఎక్కించుకుని తిరుగుతున్నాను. ఎంపిక దాకా ఉండు. తర్వాత నీ ఇష్టం.

మండల పోటీల రోజు సరిగ్గా మీ పరుగు వేళకే నా బస్సు వచ్చింది. గోడ మీదుగా, గీతల మీద వంగిన పిల్లలు కనిపించారు. నా బిడ్డకు బలం రావాలని రోజుకన్నా గట్టిగా హారన్ కొట్టాను. విన్నావా?

ఎప్పుడూ నీ ధ్యాసలోనే ఉండే,
బాపు

*

ఇబ్రహీంపట్నం

ప్రియమైన బాపూ,

విన్నాను. మస్తు సంబరపడ్డాను.

మేడమ్ ఇప్పుడు నన్ను గీత మీద వంచి వెనక నిలబడుతుంది. పళ్లెం మోగిస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, అమ్మాయిలతో చప్పట్లు కొట్టిస్తుంది. గన్ బదులు రెండు చెక్కలు కలిపి కొడుతుంది, అప్పుడే లేవాలి. మొదట్లో ప్రతి చప్పుడుకూ లేచాను. "చెవులు ఊరంత తిరగనియ్, కాళ్లు మాత్రం గీత కాడనే ఉండాలె" అంటుంది. లేచినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు పళ్లేనికి లేవడం లేదు.

కానీ నువ్వు హారన్ ఎందుకు మానేశావు? బస్సు పోతుంది, చెయ్యి కూడా బయటికి రాదు. పోటీలో పరుగెత్తలేదని కోపమా? ఉంటే తిట్టు బాపూ, ఇట్లా ఊరుకోకు.

నీ
నర్మద

*

హయత్‌నగర్

బిడ్డా,

నీ మీద కోపమా? మొన్న మీ మేడమ్ నా బస్సెక్కింది. "ఎల్లేశన్నా, నీ బిడ్డ గన్ కొట్టకముందే ఎందుకు లేసిందో ఎర్కేనా? నీ హారన్ ఇనంగనే లేసింది. ఉరికింది గూడ ముందుకు గాదు, గోడ దిక్కు" అంది. నువ్వేమో సంబరపడ్డానని రాశావు. నేను బాధపడతానని దాచావు కదా!

అప్పటి నుంచి మీ బడి దగ్గర చెయ్యి హారన్ దాకా పోతుంది, వెనక్కి తీసుకుంటాను. "ఏమైందన్నా?" అంటాడు కండక్టర్ బాలనర్సింహ. "ఏం లేదు, టికెట్లు కొట్టు" అంటాను.

సోమవారం నుంచి బడంగ్‌పేట్ వైపు రూటు మార్పించుకున్నాను. ఆ గోడ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఫికర్ చేయకుండా పరుగెత్తు.

నిన్ను చూడక బెంగపడ్డ,
బాపు

*

ఇబ్రహీంపట్నం

ప్రియమైన బాపూ,

ఎంపిక అయిపోయింది. గీత మీద వంగాను, నడుము లేపాను. అప్పుడే గోడ అవతల రెండు పొట్టి, ఒక పొడుగు!

నువ్వే అనుకున్నాను. రూటు మార్చుకున్నావని తెలిసినా, నా కోసం వచ్చేశావనుకున్నాను. గుండె గోడెక్కింది, కాళ్లు మాత్రం కదల్లేదు. పళ్లేనికి లేవకుండా ఉండడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. గన్ మోగాకే లేచాను. రెండో స్థానం వచ్చింది. నేను జిల్లా జట్టులో ఉన్నాను బాపూ.

గీత దాటి ఆగకుండా గోడ దగ్గరికే ఉరికాను. గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు అక్కడే ఆగి ఉంది. సీట్లో ఎవరో కొత్త డ్రైవర్. బాలనర్సింహ మామ తలుపులోంచి వంగి, "ఎల్లేశన్న రాకుంటె నీకు బుగులైతదని నేనే గట్ల కొట్టమన్న బిడ్డా" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు! నవ్వాను. బస్సు పోయాక గోడ మీదే కూర్చుని ఏడ్చాను.

నువ్వు మళ్లీ హారన్ కొట్టొచ్చా అని మేడమ్‌ను అడిగాను, ఒప్పుకుంది. పాత రూటుకే వచ్చెయ్ బాపూ. రోజూ కొట్టు, నేను గీత మీద ఉన్నా సరే కొట్టు. నా పరుగు అయ్యాకే గోడ దగ్గరికి వస్తాను. అప్పటికి నీ బస్సు దాటిపోయినా, పోయిన దిక్కుకే చెయ్యి ఊపుతాను.

నీ హారన్ కోసం ఎదురుచూసే,
నర్మద