లిఫ్టులో గొంతు, బీరువాలో మనిషి

నాణ్యతా విభాగం మేడమ్ గారికి,

మీ కంపెనీ లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతు నాదే. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. మైకు మార్చమన్నారు, మార్చాను. శ్వాస కోర్సు చేయమన్నారు, చేశాను. ఇప్పుడు ఆ మైకు పాతబడిందట, ఆ శ్వాస కూడా పాతబడిందట. ఆ రెండు మాటలు చెప్పడానికి ఇంకెంత శ్వాస కావాలండీ? పైగా సౌండ్ బూత్ వివరాలు రాయకపోతే కొత్త లిఫ్టుల పని ఇవ్వబోమంటున్నారు. ఆ పని పోతే నాకింకో పని లేదు. అందుకని రాస్తున్నాను, రాసుకోండి. గట్టి టేకు గది. మనిషి ఒక్కడే పడతాడు. మూడు వైపులా ఉన్ని పొరలు. ముందు పట్టు తెరలు. మూలమూలలా తెల్లటి గుళికలు. చాలా?

ఇట్లు,
మీ లిఫ్టు గొంతు

తా.క.: లోపం ఒక్కటే. మధ్యలో మా బావ తలుపు తీస్తాడు.

*

లిఫ్టు గొంతు గారికి నమస్కారం.

మీ బూత్ వివరాలు చదివి మా కమిటీ ముచ్చటపడింది. ఇంత ఆధునికమైన ఏర్పాటు మా దగ్గరే లేదు. తెల్లటి గుళికలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయని మా ఇంజనీరు అభిప్రాయం. అవి ఏ రకమో తెలపగలరు. తలుపు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకోవడం మీ శ్రద్ధకు నిదర్శనం. బావగారి చిరునామా, అర్హతలు కూడా పంపండి.

భవదీయురాలు,
నాణ్యతా విభాగం అధికారి

తా.క.: మైకు మాత్రం మార్చాలి.

*

మేడమ్ గారూ,

అది బీరువా అండీ. మా అక్క బీరువా. ఉన్ని పొరలంటే దుప్పట్లు. పట్టు తెరలంటే అక్క బట్టలు. గుళికలు పురుగు పట్టకుండా వేసేవి. అవి పీల్చేది ప్రతిధ్వనిని కాదు, నా ప్రాణాన్ని. ఒళ్లు మండి వెటకారంగా రాస్తే కమిటీని కూర్చోబెట్టారేంటండీ? ఇక మా బావ అర్హతలంటారా, నేను మాట సగంలో ఉండగా షర్టు కోసం తలుపు తీయడమే. నా రికార్డింగుల్లో సగం ఆయన తలుపు తీసినవే. చిరునామా మా ఇల్లే, ఎక్కడికీ కదలడు. ఇంకో కోర్సు చేయను, ఇంకో మైకు కొనను. నా గొంతు వల్ల మీ లిఫ్టు ఎక్కడైనా ఆగిందా?

ఇట్లు,
బీరువాలోంచి అదే గొంతు

తా.క.: ఇది రాస్తుండగా కూడా తీశాడు. "చీకట్లో ఏం రాస్తావురా, కళ్లు పోతాయి" అని జాలిపడి, మళ్లీ మూసి వెళ్లాడు.

*

లిఫ్టు గొంతు గారికి,

దాపరికం లేకుండా సాంకేతిక వివరాలు వెల్లడించినందుకు సంస్థ తరఫున ధన్యవాదాలు. బీరువాను మా ప్రమాణంగా ప్రకటించాం. ఇకపై మా గొంతు కళాకారులందరూ బీరువాలోనే రికార్డు చేయాలి. ఇందుకోసం 'బీరువా శ్వాస' అనే కోర్సు సోమవారం మొదలవుతుంది. మీరు కూడా అందులో పాసైతేనే కొత్త లిఫ్టుల పని. మీ రికార్డింగుల్లో సగానికి స్వయంగా హాజరైన అనుభవజ్ఞుడే ముఖ్య శిక్షకుడిగా దొరకడం మా అదృష్టం.

భవదీయురాలు,
నాణ్యతా విభాగం అధికారి

తా.క.: మేం అడగ్గానే బావగారు ఒప్పుకున్నారు. మైకు సంగతి ఇక ఆయనే చూస్తారు.

*

చిరంజీవి బావమరిదికి, శిక్షణ విభాగం నుంచి బావ ఆశీస్సులు.

చేతికిస్తే చించేస్తావని ఇది నీ గది తలుపు కింద నుంచి తోస్తున్నాను. మొదటి తరగతికి నువ్వు రాలేదు. గైర్హాజరు వేశాను. ఏమీ అనుకోకు, భోజనాల దగ్గర బావనే గానీ తరగతిలో అధికారిని. నీ గొంతుకి వంక పెట్టలేంరా. కానీ మోకాళ్లు మడుచుకుని ఊపిరి తీయాలని పాఠంలో ఉంది, నువ్వేమో నిలబడి తీస్తున్నావు. పాఠం రాసింది నేనే కాబట్టి చూసీ చూడనట్టు వదిలేయలేను. నాకు ఇందులో ఓనమాలు కూడా రావని నీకు తెలుసు, నాకు తెలుసు. మేడమ్‌కి తెలియనివ్వకు, ఇంట్లో ఒక్కడికైనా ఉద్యోగం ఉండాలి కదా.

ఇట్లు,
ముఖ్య శిక్షకుడు

తా.క.: నువ్వు చేరేదాకా కొత్త లిఫ్టుల పని ఆపమన్నాను. మేడమ్ ఆగలేదు, నిన్న మీ అక్క చేత ఆ రెండు మాటలు చదివించేశారు. బూత్ సొంతదారులకు కోర్సు అక్కర్లేదట, బీరువా ఆవిడదేగా. ఇకమీదట మన నోళ్లలాగే లిఫ్టు తలుపులు కూడా మీ అక్క చెబితేనే మూసుకుంటాయి. మనిద్దరికీ తోడు దొరికింది.