గిన్నెలో పడని కరెంటు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నేనూ, మా అత్తగారూ బాగానే ఉన్నాం. బాగా లేనిది మీ బావ బండే. ఆయన పోయాక దాన్ని ఎవరూ కదపలేదు. అయినా వారం తిరక్కుండా బ్యాటరీ చచ్చిపోతోంది. కొత్తది వేయించినా అదే వరస. కొనేవాళ్ళు వస్తే లైటు వెలగదు, సెల్ఫ్ తిరగదు. అది ముంగిట్లో నిలబడి ఉంటే ఆయన లోపల స్నానం చేస్తున్నట్టే ఉంటుందిరా. చూడలేకపోతున్నాను. అమ్మేయాలి. మెకానిక్ తమ్ముడు ఉండి నాకేం లాభం?

మీ అక్క

తా.క.: అత్తగారి చెవుడు ముదిరింది. ఉప్పు అందించమంటే చెప్పులు తెచ్చిచ్చారు.

అక్కకు నమస్కారం.

తప్పు బ్యాటరీది కాదు. ఎక్కడో కరెంటు లీకవుతోంది. తాళం తీసేసినా ఎవరో ఒకరు దొంగచాటుగా తాగుతూనే ఉంటారు. ఆ తాగేదెవరో పట్టుకుంటే చాలు. షాపు వదిలి రాలేను, కాస్త నువ్వే చూడు.

తమ్ముడు

తా.క.: వీధి వీధంతా తిట్టిన లారీ హారన్ బావ బండికి ఉందిగా, దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపాం. తాళం లేకపోయినా మోగాలి. నొక్కి చూడు.

తమ్ముడికి,

రాత్రి బండి కింద గిన్నె పెట్టాను. పొద్దున చూస్తే చుక్క కరెంటు పడలేదు. నవ్వకు, నూనె కారినప్పుడు గిన్నె పెట్టమన్నది నువ్వే. దొంగచాటుగా ఎవరో తాగుతున్నారన్నావని పక్కింటాయన్ని నిలదీశాను. తాగుడు మానేసి ఏడాదైందని ఒట్టేసి, పాపం, ఏడ్చేశాడు.

మీ అక్క

తా.క.: బ్యాటరీ ఛార్జింగ్ చేయించి హారన్ నొక్కాను. లైటు వెలిగింది గానీ హారన్ మూగబోయింది. వీధిలో వాళ్ళకి పండగ.

అక్కా,

తాగేది వైర్లమ్మా, పక్కింటాయన కాదు! వెళ్ళి క్షమాపణ చెప్పు. ఇప్పుడు అర్థమైంది. మూగ హారన్ అరవకపోయినా, నొక్కినంతసేపూ కరెంటు లాగేస్తుంది. నువ్వు వంటింట్లో ఉండగా ఎవరో వచ్చి నొక్కుతున్నారు. కిటికీ చాటున కాపు కాయి.

తమ్ముడు

తా.క.: దొంగ దొరికితే చెవి మెలిపెట్టు.

తమ్ముడికి,

దొంగ దొరికింది. చెవి మెలిపెట్టమన్నావు. పనిచేయని చెవిని ఏం మెలిపెట్టనురా?

సందెవేళ అత్తగారు గోడ పట్టుకుని వచ్చి, సీటు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో హారన్ నొక్కి పట్టుకున్నారు. పొయ్యి మీద అన్నం మాడింది గానీ ఆవిడ చెయ్యి తియ్యలేదు. దగ్గరికెళ్ళి, ఏం చేస్తున్నారత్తయ్యా అని అరిచాను.

"వినబడుతుందేమోనని చూస్తున్నానే అమ్మాయ్. వాడు మలుపు తిరుగుతూ ఇది కొడితేనే కదా, వచ్చాడని తెలిసి నేను గేటు తీసేది. నాకోసమే పెట్టించాడు. ఇప్పుడు ఎంతసేపు నొక్కినా వినబడట్లేదు. నా చెవులు పూర్తిగా పోయాయే."

పోయింది మీ చెవులు కాదు, హారన్ అని గొంతు చించుకున్నాను. అదీ వినబడలేదు. ఇద్దరం బండికి చెరో పక్కన నిలబడి ఏడ్చాం. ఆయన పోయాక మేమిద్దరం కలిసి ఏడవడం ఇదే మొదలు.

బండి అమ్మను. షాపు మూసేసైనా సరే, అలాంటి లారీ హారనే ఒకటి పట్టుకుని వచ్చెయ్.

మీ అక్క

తా.క.: బిగించాక నువ్వు మాత్రం కొట్టకు, ఆవిడ చేతే కొట్టిద్దాం. నువ్వు కొడితే గేటు తియ్యడానికి వెళ్తారు.