తరగని జాయింట్ అకౌంట్

మంగళవారం, రాత్రి పదకొండు

ఇంటి బిల్లుల కోసమని మేమిద్దరం జాయింట్ అకౌంట్ తెరిచి రెండు నెలలైంది. అందులో డబ్బు తగ్గడమే లేదని ఎంత మురిసిపోయామో! "చూసినవా, మస్తు పొదుపు చేస్తున్నం," అని మా ఆయన నిన్న కూడా ఫోన్లో బ్యాలెన్సు చూపించారు.

ఈరోజు ఇంటి నుంచి పని. మేనేజరుతో మీటింగ్ మధ్యలో కరెంటు పోయింది. గచ్చిబౌలి అంతా ఉంది, మా ఫ్లాటుకే లేదు. కిందికి పరిగెత్తితే లైన్‌మన్ తాపీగా చెప్పాడు: "బిల్లు కట్టలేదమ్మా, ఫ్యూజు తీసిన."

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. "కరెంటు బిల్లు కట్టలేదా అండీ?"

"నేనెందుకు కడత? పైసలు ఏసుడు నా పని, కట్టుడు నీ పని కాదా?"

"ఆటోపే మీరు పెట్టారనుకున్నాను!"

ఫైనుతో సహా కట్టాక సాయంత్రానికి కరెంటు వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

తీరా పడుకోబోతుంటే గుర్తొచ్చింది. పై అంతస్తులో ఉండే ఓనరు గారు ఈమధ్య లిఫ్టులో నేను నమస్కారం పెట్టినా ముఖం తిప్పుకుంటున్నారు. మా ఆయనేమో హాయిగా గురక పెడుతున్నారు. లేపి అడగాలంటే భయంగా ఉంది.

అద్దె ఎవరు కడుతున్నట్టు?